మసి అంటని తెల్ల చొక్కా

కోవిల్పట్టి,
జనవరి 27.

వదినకు నమస్కారాలు.

ఇక్కడ నేనూ, నా ఇనుప కాలూ బాగున్నాం. దానికి కొత్త తోలు పట్టీలు వేయించాను, కిర్రుమనడం తగ్గింది. నీ మోకాళ్ళ సంగతి ఏమిటి? నూనె రాసుకోమంటే రాసుకోవు, మీ ఊరి నూనె పరోటా మాత్రం మానవు.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని ముక్కు మీద వేలేసుకోకు. నీకు ఫోన్ చేస్తే అన్న పక్కన చేరి చెవి ఒగ్గుతాడు, సగంలో లాక్కుని తనే మాట్లాడేస్తాడు. ఈ తెలుగు అక్షరాలైతే ఆయనకు రావు. మన ఇళ్ళలో తెలుగు మాట్లాడని వాళ్ళు లేరు, చదవగలిగేది మాత్రం మనమిద్దరమే. నువ్వు కొత్తకోడలిగా వచ్చిన వానాకాలం, నన్ను వంటింట్లో కూచోబెట్టి బొగ్గుతో గచ్చు మీద దిద్దించిన అక్షరాలివి. అమ్మ గచ్చు పాడైందని ఇద్దరినీ తిట్టింది, గుర్తుందా?

విషయానికి వస్తాను. పంగుని పొంగలి జాతరకు అన్న మీ విరుదునగర్‌లో పెట్టే సిలంబం కర్రసాము పోటీలో ఈసారి నా శిష్యులు ఆడాలి. కిందటేడు పిలిచినట్టు పోటీకి ముందు కాసేపు కర్ర తిప్పి చూపించి, చప్పట్లు కొట్టించుకుని, శాలువా కప్పించుకుని పోవడానికి మేము రాము. నువ్వు కొబ్బరిచిప్పలు కాల్చి ఆముదంలో నూరే మసి ఉంది చూడు, ఆ మసిలో కర్ర కొన ముంచి, తెల్ల చొక్కాలు వేసుకుని ఆడే అసలు ఆట కావాలి. ఎవరి చొక్కా మీద మచ్చలు ఎక్కువ పడితే వాళ్ళు ఓడినట్టు. అందరికీ ఉన్న లెక్కే మాకూ.

మూతపడిన అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ వెనక, పుల్లలు ఆరబోసే సిమెంటు కళ్ళం ఇప్పుడు సాయంత్రమైతే నిండిపోతోంది. ఒట్టపిడారం నుంచి చూపులేని ముత్తుకృష్ణన్ వస్తాడు, కర్ర గాలిలో తిరిగే చప్పుడు విని తప్పుకుంటాడు. ఏళాయిరంపన్నైలో మందుగుండు పేలి వేళ్ళు పోయిన ఒకాయన అరచేతికి గుడ్డతో కర్ర కట్టుకుంటాడు. మొన్న పత్రికవాళ్ళు వచ్చి, వికలాంగులకు ఈ విద్య ఇక్కడ మొదట నేర్పింది మీరేనట కదా అని అడిగి, 'ముందడుగు వేసిన మహిళ' అని రాశారు. నా ఇనుప కాలు చూసి కూడా అలా రాశారంటే నవ్వాగలేదు వదినా.

పోటీకి నేను తెచ్చేది కార్తికను. ఎట్టయాపురం పక్క పల్లె పిల్ల, పుట్టినప్పటి నుంచీ నడుము కింద పట్టు లేదు. చక్రాల కుర్చీలో కూచుని కర్ర పట్టిందంటే ఎదుటివాడు రెండడుగులు వెనక్కి వేయాల్సిందే. అన్నను ఒప్పించడం నీ పని. నీ మాట ఆయన ఎప్పుడు కాదన్నాడు గనక!

నీ ఆడబిడ్డ,
జెయంతి


విరుదునగర్,
ఫిబ్రవరి 9.

చిరంజీవి జెయంతికి,

నా మాట మీ అన్న ఎప్పుడు కాదన్నాడని రాశావు, ఎప్పుడు విన్నాడో అది రాయి ముందు.

సాయంత్రం కాఫీ ఇచ్చి మెల్లగా మొదలుపెట్టాను. గ్లాసు పక్కన పెట్టేశాడు. "అడుగుల వరస లేకుండా సిలంబమా? మన నాయన మొదటి ఏడాదంతా కర్రే ఇయ్యలా, అడుగే నేర్పినాడు. కుర్చీలో కూచోనుండే పిల్లకి అడుగేడిది?" అన్నాడు. నేనూరుకుంటానా! "మీ సెల్లెలికీ ఒక కాలే గదా, ఆమెకు మామ కర్ర ఇయ్యలేదా?" అన్నాను. "అది ఏరే" అన్నాడు. ఏమి వేరో చెప్పలేదు. మీసం దువ్వుకుంటూ వీధిలోకి పోయాడు.

తిరిగొచ్చి అన్నానికి కూచున్నాక, "సరి, రమ్మను. మన సత్యప్రియ ఆడుతాది దానికి ఎదురు" అన్నాడు. సత్యప్రియ నీకు తెలుసుగా, మా వెనక వీధి మగ్గాల వాళ్ళ అమ్మాయి. కిందటేడు మదురై పిల్లలందరి చొక్కాలూ నల్లగా చేసి వచ్చింది. సగం పూటలు మా ఇంట్లోనే తింటుంది, నా కూతురు లేని లోటు తీరుస్తోంది. కాబట్టి ఒప్పుకున్నాడు, ఇంక నువ్వు మళ్ళీ మళ్ళీ అడిగి గెలకవద్దు. ఊరుకున్నంత ఉత్తమం లేదు.

నాకు ఒక్క సందేహం. ఆ పిల్లకు దెబ్బ తగిలితే? సత్యప్రియ చెయ్యి మామూలు చెయ్యి కాదు. పోయినేడు దాని దెబ్బకు ఒక పిల్లకు భుజం వారం రోజులు కమిలి ఉంది. కర్ర నేర్పే మీ ఆశాన్లకు ఇవన్నీ ఆటగా ఉంటాయి, చూసేవాళ్ళకు గుండె ఆగుతుంది.

ఈ కవరు తెచ్చే మనిషితో మిరపకాయలు పంపుతున్నాను, మంచి ఎరుపు. ఎండబెట్టుకో.

ఆశీస్సులతో,
సుబ్బులక్ష్మి


కోవిల్పట్టి,
మార్చి 4.

వదినకు,

మిరపకాయలు అందాయి. కళ్ళం అంచున ఆరబోస్తే నా శిష్యులంతా తుమ్ముతూ సాము చేశారు.

అడుగేది అన్నాడు కదా అన్న, చెప్పు ఆయనకు: అడుగు చక్రంలో ఉంది. కార్తిక ఎడమ చెయ్యి చక్రం మీద, కుడి చెయ్యి కర్ర మీద. చక్రాన్ని జానెడు వెనక్కి లాగితే అది వెనకడుగు, ఒక పక్క పట్టి తిప్పితే పక్కకు వాలిన అడుగు. నాయన చెప్పిన వరసలన్నీ అందులో ఉన్నాయి, నేను కూచుని ఒక్కొక్కటీ వెతికి పెట్టాను. మొదట్లో గట్టిగా కొడితే కుర్చీ వెనక్కి తిరగబడేది. లేత్ వర్క్‌షాపు ఆయనతో వెనక రెండు చిన్న ఇనుప కొమ్ములు అతికించాను. నడుముకు వేష్టి పంచె చింపిన గుడ్డ బిగించి కడతాం. కర్ర పొడవు కుదరడానికే చాలా రోజులు పట్టింది. నేల నుంచి కనుబొమ దాకా అని మన కొలత, కూచున్న పిల్లకు అలా కొలిస్తే అది చపాతీ కర్రలా తయారైంది. చివరికి దాన్ని నేల మీద పడుకోబెట్టి కొలిచి, అందులోంచి చక్రానికి తగలనంత తగ్గించాను.

దెబ్బ గురించి అడిగావు. కార్తిక అమ్మ వీరమ్మాళ్ కూడా రోజూ అదే అడుగుతుంది. బిడ్డను ఎత్తుకుని బస్సెక్కించి, దించి, సాము అయ్యేదాకా గోడ పక్కన కూచుంటుంది. "ఆశానమ్మా, కొడతారా దాన్ని?" అంటుంది. కొడతారమ్మా అంటాను. తలకు తొడుగు ఉంటుంది, మొహం మీద కొట్టకూడదని కట్టుబాటు ఉంది, కానీ కొడతారు. చురుక్కుమంటుంది. అది లేకపోతే ఆట కాదు.

నీకు ఒక మాట చెప్పాలి, ఎవరికీ చెప్పలేదు. నాయన నాకూ కర్ర ఇచ్చాడు, నిజమే. పొంగలి రోజు మసి ముంచి అన్నతో ఆడించేవాడు. ఆట అయ్యేసరికి అన్న చొక్కా నిండా మచ్చలు, నాది మల్లెపువ్వు. "గెలిసింది నా బిడ్డే" అని నాయన నన్ను ఎత్తుకుని వీధంతా తిప్పేవాడు. నేనూ నమ్మాను. తరువాత ఒకసారి అన్న మిగతా పిల్లలతో ఆడటం చూశాను. ఎంత వేగంగా, ఎంత అందంగా ఆడాడో! ఆ ఆట నాతో ఒక్కనాడూ ఆడలేదు. గోడ పక్కకు పోయి ఏడ్చాను వదినా. నాకిప్పుడు నలభై దాటాయి. సాధకం ఎండు కర్రతోనే చేస్తాం, శిష్యులు ఆశాన్ మీద మసి పెట్టకూడదు. కాబట్టి ఇంతమందికి నేర్పే నా చొక్కా మీద ఇప్పటిదాకా ఒక్క మచ్చ పడలేదు. అన్న మీద నాకు కోపం లేదు, అది ప్రేమేనని తెలుసు. కానీ కార్తికకు ఆ ప్రేమ వద్దు.

అందుకే ఈ పోటీ. ఓడినా సరే, దాని చొక్కా నల్లగా కావాలి. అప్పుడే అది ఆటగత్తె. అది కూడా లేకపోతే ఇన్నేళ్ళుగా నేను నేర్పేది బొమ్మలాటే, దానికి ఈ కళ్ళం ఎందుకు?

కార్తిక కొత్త తెల్ల చొక్కా కుట్టించుకుంది. రోజూ ఒంటికి పెట్టుకుని చూసుకుంటోందట.

జెయంతి


విరుదునగర్,
ఏప్రిల్ 10.

జెయంతికి,

ఏమే, పోటీ అయిన వెంటనే పెరుగన్నం కూడా ముట్టకుండా బస్సెక్కేశావు? నీకోసమని మాగాయ జాడీ దించి పెట్టాను. నీకు ఒక్క ముద్ద తినిపించే భాగ్యం కూడా లేదు నాకు.

ఊరంతా మీ కార్తిక మాటే. బరి చుట్టూ జనం ఎట్లా లేచి నిలబడ్డారో చూశావా! సత్యప్రియ చొక్కా మీద అన్ని మచ్చలు, కార్తిక చొక్కా మీద ఒక్కటీ లేదు. మా పక్కింటి అంగమ్మాళ్ అత్త అయితే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పత్రికలో ఫోటో కూడా వేశారు, కత్తిరించి పంపుతున్నాను. కప్పు పట్టుకుని నవ్వమంటే ఆ పిల్ల నవ్వలేదేమిటి? ఫోటోలో కూడా ముఖం ముడుచుకునే ఉంది. ఎండకు అనుకుంటాను.

వీరమ్మాళ్ మాత్రం నా రెండు చేతులూ పట్టుకుని వదలలేదు. పాపం, మంచి మనిషి.

మీ అన్నకు జలుబు చేసింది. కషాయం ఇస్తే తాగడు, చెట్టుకు పోస్తాడు. నువ్వు ఉత్తరం రాయి.

సుబ్బులక్ష్మి


కోవిల్పట్టి,
ఏప్రిల్ 15.

వదినకు,

ఫోటో అందింది.

ఆట అయ్యాక సత్యప్రియ కర్రను నేను చేత్తో పట్టుకుని చూశాను. కొన శుభ్రంగా ఉంది. నీ చేతి మసి ఎట్లాంటిదో నాకు తెలుసు. ఒకసారి వేలికి అంటితే సబ్బుకూ పోదు, సున్నిపిండికీ పోదు. నువ్వు ముంచిన కర్ర ఎంత ఆడినా కొన తెల్లగా కాదు. మన ఇంట్లో మసి నూరేదీ, కర్రలు ముంచేదీ ఆశాన్ ఇల్లాలే, నాయన కాలంలో అమ్మ, ఇప్పుడు నువ్వు. ఇంకొకరు ఆ గిన్నె ముట్టరు.

అన్నను నేను అడగలేదు. ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది.

కార్తిక వారం రోజులుగా రావడం లేదు. వాళ్ళమ్మ ఫోటోకు పటం కట్టించి గోడకు తగిలించిందట. కళ్ళం గేటుకు తాళం వేశాను. మిగతావాళ్ళకు ఎండలు ఎక్కువగా ఉన్నాయని చెప్పాను.

నిన్ను ఒక్కటే అడుగుతున్నాను. ఎందుకు?

జెయంతి


విరుదునగర్,
ఏప్రిల్ 21.

జెయంతికి,

అవును, నేనే. పొరపాటున తాకినా మచ్చ పడకూడదని, కర్ర ముంచినట్టు చేసి పక్కన పెట్టాను. సత్యప్రియను వంటింట్లోకి పిలిచి, "ఆ పిల్లకు తగలనీయకు, నా మీద ఒట్టు" అని చేతిలో చెయ్యి వేయించుకున్నాను. అది నా చేతి అన్నం తినే పిల్ల, కాదనగలదా! ఇష్టం లేకుండానే ఒప్పుకుంది. ఆ రోజు నుంచి మా ఇంటికి అన్నానికి రావడం లేదు, అది కూడా నా మొహానే రాసి ఉంది. మీ అన్నకు తెలియదా అంటావేమో. బరి పక్కన కూచున్నవాడికి కనిపించకుండా ఎట్లా ఉంటుంది? చూశాడు, మీసం దువ్వుకున్నాడు, నోరు విప్పలేదు.

ఎందుకని అడిగావు గదా, విను. పోటీ రోజు పొద్దున మీరంతా బరి కట్టడానికి పోయారు. వీరమ్మాళ్ నా పక్కన కూచుని చిక్కుడుకాయలు తుంచుతోంది. తుంచుతూ తుంచుతూ ఏడ్చింది. "అక్కా, ఈళ్ళ నాయన మీకు తెలీదు. దాని ఒంటిమీద ఒక్క దెబ్బ కనబడితే సాలు, ఇంక గడప దాటనియ్యడు. కుర్చీని కొట్టంలో పడేస్తాడు. దానికి ఈ కర్ర తప్ప ఏముండాది సెప్పండి" అంది. నేనేం చేయాలి? మీ కట్టుబాట్లు మీవి. నా ముందు ఒక తల్లి ఏడుస్తోంది. మసి గిన్నె నా చేతిలో ఉంది.

నీకు అది బొమ్మలాట. నాకు ఆ పిల్ల మళ్ళీ నీ కళ్ళానికి వస్తుందా రాదా అన్నదే. ఇంత చదువు నీకు చెప్పిందాన్ని, నన్ను నిలదీసేంత పెద్దదానివయ్యావు. మంచిదే. తప్పు చేశానని నువ్వు అనుకుంటే అనుకో, నేనైతే అనుకోవడం లేదు.

నీ ఉత్తరం చదివి రెండు పూటలు అన్నం సయించలేదు, అది కూడా రాస్తున్నాను, తెలుసుకో.

సుబ్బులక్ష్మి


కోవిల్పట్టి,
మే 2.

వదినా,

నీ ఉత్తరం చాలాసార్లు చదువుకున్నాను. మొదట కోపం వచ్చింది, తరువాత నవ్వు వచ్చింది, చివరికి ఏడుపు వచ్చింది. వీరమ్మాళ్ నాతో ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు. నన్ను చూస్తే భయపడిందేమో, నీ దగ్గర చిక్కుడుకాయల పక్కన చెప్పుకుంది. అది నా లోపమే, నేను అడగాల్సింది.

నిన్న కార్తిక వచ్చింది. పక్కింటి ఆటోలో, అమ్మ లేకుండా. తాళం తీయించి కళ్ళంలో కూచుంది. తరువాత చొక్కా సంచిలోంచి తీసి నా ఒళ్ళో పడేసింది. "అక్కా, సూడు, ఇస్త్రీ మడత కూడా సెదరలా. ఆ అక్క నాతో ఆడనే లేదు. నా ముందర ఊరికే ఆడిపోయింది. నేను కొడతా ఉంటే నిలబడింది. మా ఊళ్ళో అందరూ గెలిస్తివి, గెలిస్తివి అంటాండారు. నాకు సిగ్గుగా ఉండాది" అంది. ఆ వయసులో నేను గోడ పక్కన ఏడ్చిన ఏడుపే, దీనికి మాత్రం నోరుంది.

"మళ్ళీ ఆడతావా?" అన్నాను. "నిజంగా ఆడితే" అంది. వాళ్ళ నాయన సంగతి అడిగాను. "కొట్టంలో పడేస్తే పడేయనీ. ఆట లేకుండా ఈ కుర్చీ వీధిలో ఉంటే ఏంది, కొట్టంలో ఉంటే ఏంది?" అంది.

కాబట్టి నేను అడిగేది ఇది. ఈ నెల చివరి ఆదివారం సత్యప్రియను తీసుకుని మా కళ్ళానికి రా. జనం వద్దు, ఫోటోలు వద్దు, కప్పు వద్దు. మసి నువ్వే నూరాలి, కర్రలు రెండూ నువ్వే ముంచాలి. సత్యప్రియకు నువ్వు వేయించుకున్న ఒట్టు నీ నోటితోనే తీసేయాలి. వీరమ్మాళ్‌తో నేను మాట్లాడతాను. ఈసారి చిక్కుడుకాయలు నేను కొంటాను.

నువ్వు రానంటే బలవంతం లేదు. కానీ నువ్వు ముంచకపోతే నేను ఇంకొకరి మసి ముట్టను.

జెయంతి


విరుదునగర్,
జూన్ 1.

జెయంతికి,

ఇల్లు చేరాం. సాత్తూరు దాకా నిలబడే వచ్చాం బస్సులో, నా మోకాళ్ళు నన్ను తిడుతున్నాయి.

ఆట నువ్వు చూశావు. నువ్వు చూడనిది రాస్తాను. నువ్వు బరిలో ఉన్నావు, నేనూ వీరమ్మాళూ రేకుల నీడలో ఉన్నాం. కర్రలు రెండూ కొన బాగా మునిగేదాకా నేనే ముంచాను. సత్యప్రియ నా మొహం చూస్తూ నిలబడింది. "ఒట్టు తీసేసినానమ్మా, నీ ఆట నువ్వు ఆడు" అన్నాను. అది నా కాళ్ళకు మొక్కి కర్ర తీసుకుంది. పోటీ అయినప్పటి నుంచి దాని మొహంలో అంత వెలుగు చూడలేదు.

మొదటి దెబ్బ కార్తిక భుజాన పడగానే వీరమ్మాళ్ నా చెయ్యి పట్టుకుంది. ప్రతి దెబ్బకూ నలిపింది. నా గాజు ఒకటి పగిలింది, నువ్వు గమనించలేదులే. నాకూ లేచి వెళ్ళి అడ్డం పడాలనిపించింది. తల్లిని కాకపోతేనేం, ఆగలేకపోయాను. లేవబోతుంటే వీరమ్మాళే నన్ను కూచోబెట్టింది. "ఉండక్కా. మొగం సూడు దానిది" అంది. చూశాను. జెయంతీ, ఆ పిల్ల నవ్వుతోందే! చొక్కా ముందు వెనక బొగ్గు మూటలా ఉంది, పళ్ళు మాత్రం తెల్లగా కనిపిస్తున్నాయి. కప్పు చేతికిచ్చి నవ్వమంటే నవ్వని పిల్ల.

తరువాత చక్రం గిర్రున తిప్పి సత్యప్రియ మెడ పక్కన ఒక్కటి పెట్టింది చూడు, అప్పుడు వీరమ్మాళ్ కేక వేసింది. ఎట్టయాపురం దాకా వినబడి ఉంటుంది. ఆ కేక నాది కూడా.

నువ్వు చెప్పింది నాకు అర్థమైంది. నేను చేసింది ఎందుకు చేశానో అది కూడా నిజమే, దాన్ని వెనక్కి తీసుకోను. రెండూ నిజమేనని ఇంత వయసొచ్చాక తెలిసింది.

బస్సులో నీ మార్చి ఉత్తరం గుర్తొచ్చింది. ఇల్లు చేరాక మీ అన్నకు చదివి వినిపించాను. నీకు చెప్పకుండా చేశాను, కోప్పడితే కోప్పడు. మల్లెపువ్వు లాంటి చొక్కా దగ్గరికి వచ్చేసరికి మీసం మీది చెయ్యి దించేశాడు. "నాయన కొట్టొద్దని సెప్పినాడు నాకు. చిన్నోణ్ణి, విన్నాను. తరవాత అదే అలవాటైపాయె" అన్నాడు. అంతే.

వచ్చే ఆదివారం మీ అన్న ఒక్కడే వస్తాడు. పొడుగు సంచిలో రెండు కర్రలూ, మూత బిగించిన మసి గిన్నే ఉంటాయి. ఎందుకని నన్ను అడగవద్దు. నీ దగ్గర తెల్ల చొక్కా లేకపోతే ఒకటి కొనుక్కో.

సుబ్బులక్ష్మి


కోవిల్పట్టి,
జూన్ 9.

వదినకు నమస్కారాలు.

ముందు కార్తిక సంగతి. ఆ రోజు ఇంటికి పోగానే వీరమ్మాళ్ చొక్కా ఉతికింది. నీ మసి పోతుందా! మచ్చలన్నీ అట్లాగే ఉన్నాయి. మామూలుగా ఆ పిల్ల బట్టలు పెరట్లో ఆరేస్తుందట, ఈ చొక్కా మాత్రం వీధి వాకిట్లో తీగ మీద ఆరేసింది. వాళ్ళ నాయన పొలం నుంచి వచ్చి దాని ముందు నిలబడ్డాడు. కార్తిక చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. "ఎవరు కొట్టింది?" "విరుదునగర్ అక్క." "కమిలిందా?" "కమిలింది." "నువ్వు కొట్టినావా?" "కొట్టినాను." "యాడ?" కార్తిక మెడ పక్కన తాకి చూపించింది. ఆయన చెప్పులు విప్పి కాళ్ళు కడుక్కుని, "సరి, అన్నం పెట్టు" అన్నాడట పెళ్ళాంతో. కుర్చీ కొట్టంలోకి పోలేదు. నిన్న బస్సు దాకా ఆయనే ఎత్తుకొచ్చి దించి వెళ్ళాడు. కళ్ళం మళ్ళీ నిండింది.

ఇక అన్న. పొద్దున్నే వచ్చాడు. నేను పెట్టిన ఇడ్లీ తిన్నాడు, చట్నీ బాగాలేదన్నాడు. సంచి విప్పి కర్రలు తీశాడు. ఇద్దరమూ నాయనకు మొక్కి నేల తాకాం. నా మనసులో ఇంకా భయమే, ఆగి ఆగి ఆడతాడని. మొదటి దెబ్బకే తెలిసిపోయింది. వదినా, మా అన్న ఎంత బాగా ఆడతాడు! ఈ వయసులో కూడా ఆ మణికట్టు! నా ఇనుప కాలు ఉన్న వైపు నుంచే వచ్చాడు, ఎవరైనా తెలివైన ఆటగాడు అటు నుంచే వస్తాడు. రెండుసార్లు తప్పుకున్నాను. మూడోది ఎడమ భుజం మీద పడింది. నేను కూడా వదల్లేదులే, ఆయన పొట్ట మీద చూడు, కనిపిస్తుంది. అయినా ఓడిపోయాను. అన్నీ లెక్కేసి చూసి, "ఓడినావు జెయంతీ" అన్నాడు. మా అన్న నాతో ఆ మాట అనడం ఇదే మొదలు. ఇద్దరమూ సిమెంటు మీద కూచుని చిన్నపిల్లల్లా ఏడ్చాం. తరువాత చట్నీ గురించి మళ్ళీ తిట్టాడు.

చొక్కా ఉతకలేదు. మడతపెట్టి ఈ కవరుతో పంపుతున్నాను, నీ మసి కదా, నువ్వు చూడాలి. చూసి మళ్ళీ పంపించేయి.

భుజం కమిలి నల్లబడింది. పసుపు వేసి కట్టుకున్నాను, పడుకుంటే ఆ పక్కకు తిరగలేకపోతున్నాను. అన్నతో చెప్పకు. నొప్పి బాగా ఉంది వదినా, నాకు చాలా సంతోషంగా ఉంది.

నీ ఆడబిడ్డ,
జెయంతి